ఒక్క బోల్టు, రెండు ఆదివారాలు

"గ్యాస్ అయిపోయింది సార్."

మూడేళ్లపాటు ప్రతి ఏప్రిల్‌లోనూ కారు ఏసీ షాపులో ఈ మాట విన్నాను. విన్న ప్రతిసారీ పర్సు తీశాను. మాది 2003 మోడల్ చిన్న కారు, దానికి నేను రెండో ఓనర్‌ని. మేముండేది చెన్నైలో కొట్టివాక్కం, ఈస్ట్ కోస్ట్ రోడ్డుకి సముద్రం వైపు. మా బాల్కనీలోంచి సముద్రం కనపడదు గానీ కిటికీ ఊచలు చూస్తే అదెంత దగ్గరో తెలిసిపోతుంది. రెండేళ్లకోసారి రంగు వేయించినా తుప్పు పొరలు పొరలుగా రాలుతూనే ఉంటుంది. ఊచల సంగతి తెలిసి కూడా, అదే గాలి కారు మూతికి ఏం చేస్తోందో ఒక్కసారీ ఆలోచించలేదు.

మొదటి ఏడాది ఎక్కించిన గ్యాస్ దీపావళి దాకా వచ్చింది. రెండో ఏడాది ఆగస్టు దాకా. మూడోసారి ఏప్రిల్ 15న 1,800 రూపాయలిచ్చి ఎక్కిస్తే, ఇక్కడివాళ్లు అగ్ని నక్షత్రం అనే మండుటెండలు మొదలయ్యే మే 4న వేడిగాలి కొట్టింది. పంతొమ్మిది రోజులు. రోజుకి దాదాపు 95 రూపాయల గ్యాస్ గాలిలో కలిపానన్నమాట.

ఆ వారంలోనే మా మావయ్య నెల్లూరు నుంచి శుక్లం ఆపరేషన్‌కి వచ్చారు. ఆర్టీసీ డిపో వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొస్తుంటే అద్దాలు దించే ఉన్నాయి. నల్లకళ్లద్దాలు పెట్టుకుని చెమట తుడుచుకుంటూ, ఏసీ వెయ్యరా అన్నారు. గ్యాస్ అయిపోయింది మావయ్యా అన్నాను.

"గ్యాసేమన్నా పెట్రోలా అబ్బయా, అయిపోడానికి? మూసిన గొట్టాల్లో తిరిగేది యాడికి పోద్ది? పోయిందంటే యాడో బొక్కున్నట్టే గదా. ఎవురన్నా చూసినారా దాన్ని?"

ఎవరూ చూడలేదు. చూడమని నేనూ అడగలేదు. పాత కార్లలో రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా గ్యాస్ పోవడం మామూలేనట, దాన్ని మావయ్య కూడా ఒప్పుకున్నారు. కానీ పంతొమ్మిది రోజుల్లో పోవడం ఆ లెక్కలోకి రాదు.

సాయంత్రం ఎండ తగ్గాక కారు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. వంగకూడదు, బరువులెత్తకూడదు అని డాక్టరు చెప్పారు కాబట్టి వంగడం నా వంతు. గ్రిల్ సందుల్లోంచి టార్చి వేసి చూడమన్నారు. రేడియేటర్ కన్నా ముందు, అన్నిటికన్నా ముందుగా గాలి తగిలే చోట ఉండే అల్యూమినియం జాలీయే కండెన్సర్. గ్యాస్‌ని నొక్కి పంపే కంప్రెసర్ నుంచి వేడివేడిగా, ఒత్తిడితో వచ్చే గ్యాస్ దాని పైభాగంలో చేరి, సన్నటి గొట్టాల్లో తిరుగుతూ వేడిని బయటి గాలికి వదిలేసి, కింది నుంచి ద్రవంగా పోతుంది. ఎండాకాలంలో దానిలోపల పదిహేను బార్ దాకా ఒత్తిడి ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ చిల్లర.

ఎడమవైపు కింది మూలలో అరచేయంత మేర జాలీ నల్లగా, జిడ్డుగా ఉంది. మిగతా జాలీ మీద పొడి దుమ్మే. గ్యాస్ ఒక్కటే బయటికి రాదు, కంప్రెసర్‌కి కావలసిన నూనె కూడా దాంతో తిరుగుతుంటుంది కాబట్టి అదీ వస్తుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది. షాంపూ నురుగు కలిపి బ్రష్‌తో అక్కడ పూశాను. రెండు నిమిషాలకి ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. పగిలింది. మళ్లీ లేచింది. మూడేళ్లుగా షాపుల్లో ఎవరూ చేయని పని, మా అమ్మాయి షాంపూతో ఐదు నిమిషాల్లో అయిపోయింది.

కండెన్సర్ మార్చడానికి ఒక షాపులో అంతా కలిపి 11,500 అడిగారు. "ఊడదీయడం మనమే చేద్దాం, గ్యాసు పని మాత్రం వాళ్లకిద్దాం" అన్నారు మావయ్య. ఇంత మాట ఆయన అనకపోతే నేను ఈ పనికి దిగేవాణ్ణి కాదు.

ముందు, మిగిలిన గ్యాస్ తీయించాలి. వేళచ్చేరిలో మొదట వెళ్లిన చోట కుర్రాడు, "దానికెందుకు సార్ మెషిను, పైపు లూజు చేస్తే అదే పోతుంది" అన్నాడు. చాలామంది చేసేది అదే. కానీ ఆ గ్యాస్, అంటే ఆర్ 134ఎ, మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ద్రవంగా ఉన్నది చేతి మీద చిమ్మితే చర్మం గడ్డకట్టి కాలిపోయినట్టవుతుంది. కంట్లో పడితే ఇక చెప్పక్కర్లేదు. పైగా ఆ కుర్రాడి వెనకే ఒకాయన బీడీ కాలుస్తున్నాడు. ఈ గ్యాస్ మామూలుగా అంటుకోదు, కానీ నిప్పు తగిలితే విరిగి విషవాయువులవుతుంది. కంటికి ఆపరేషనైన మనిషిని పక్కన పెట్టుకుని ఆ ప్రయోగం చూడదలచుకోలేదు.

రెండో చోట గ్యాస్‌ని గాలిలోకి వదలకుండా లాగి పట్టుకునే రికవరీ మెషిన్ ఉంది. బానెట్ కింద స్టిక్కర్ మీద 500 గ్రాములని ఉంటే, మెషిన్ 190 గ్రాములు లాగి ఆగిపోయింది. ఓజోన్ పొరకి ఈ గ్యాస్ వల్ల నష్టం లేదు గానీ, భూమిని వేడెక్కించడంలో ఇది బొగ్గుపులుసు వాయువు కన్నా దాదాపు 1,400 రెట్లు ఎక్కువ. ఇంటికొచ్చాక లెక్కేశాను. ఆ 190 గ్రాములు గాలిలోకి వదిలేస్తే, ఈ కారేసుకుని విజయవాడకి రెండుసార్లు వెళ్లొచ్చినంత పొగతో సమానం. ఇక మూడేళ్లలో నేను వదిలించుకున్న గ్యాస్‌తో ఎక్కడిదాకా వెళ్లొచ్చేవాణ్ణో లెక్కేయడం మానేశాను.

మొదటి ఆదివారం పొద్దున ఆరింటికే మొదలుపెట్టాం. బ్యాటరీ నెగటివ్ వైరు తీశాను. గ్రిల్, ఆ తర్వాత బంపర్. చక్రాల పైన రేకు లోపల చెరో స్క్రూ, కింద క్లిప్పులు, పైన పది నంబరు బోల్టులు నాలుగు. మరలు కలిసిపోకుండా ఉండటానికి మావయ్య పాత ఇడ్లీ ప్లేటు తెమ్మన్నారు. ఏ గుంటలో ఏ చోటి మరలు అన్నది ఫోనులో ఫోటో తీసి పెట్టుకున్నాను. మా ఆవిడ చూసి, ఆ ప్లేటు మళ్లీ వంటింట్లోకి తేవద్దంది. న్యాయమే.

ఇరవై ఏళ్ల ప్లాస్టిక్ క్లిప్పులు బిస్కెట్లలా విరిగాయి. ఎనిమిదింటిలో మూడు దక్కాయి. హారన్లు, బానెట్ లాక్‌ని మోసే నిలువు పట్టీ తీశాక కండెన్సర్ మొత్తంగా కనపడింది. దానికి రెండు గొట్టాలు. పైన లావుది, కంప్రెసర్ నుంచి వచ్చేది. కింద సన్నది, గ్యాస్‌లోని తేమని పీల్చే డ్రయర్ బాటిల్‌కి వెళ్లేది. ఒక్కోదానికీ ఒక్కటే బోల్టు. డ్రయర్ మీద ప్రెషర్ స్విచ్ ఉంటుంది. గ్యాస్ బాగా తగ్గిపోతే కంప్రెసర్ తిరగకుండా ఆపేది అదే. దాని కనెక్టర్‌ని లాగకుండా, గోరుతో లాక్ ఎత్తి తీయాలి. నేను లాగాను. లాక్ విరిగింది. ఇప్పటికీ దానికి వైరు ట్యాగు కట్టే ఉంది.

సన్న గొట్టం బోల్టు పావు తిప్పుకే వదులైంది. చేతికి గ్లౌజులు, కళ్లకి అద్దాలు పెట్టుకునే తిప్పాను. మెషిన్‌తో లాగినా ఎక్కడో కాస్త మిగిలే ఉంటుంది. ఉస్సుమని చిన్న శబ్దం వచ్చి ఆగింది. గొట్టం ఊడిన మరుక్షణం మావయ్య ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు అందించారు. రెండు మూతులూ కట్టేశాను. లోపలుండే ఆ కంప్రెసర్ నూనె, దాన్ని పీఏజీ అంటారు, గాలిలో తేమని ఉప్పులా పీల్చుకుంటుంది. మన చెన్నైలో తేమకేం తక్కువ! ఆ తేమ లోపల చేరితే ఆమ్లంగా మారి అన్నిటినీ తినేస్తుంది, ద్రవాన్ని సన్నగా వదిలి చల్లబరిచే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది.

లావు గొట్టం బోల్టు దగ్గర ఆ రోజు ఆగిపోయింది.

ఇనప బోల్టు, అల్యూమినియం దిమ్మ. మధ్యలో ఇరవై ఏళ్ల ఉప్పుగాలి. రెండు వేర్వేరు లోహాలు ఉప్పు తేమలో ఆనుకుని ఉంటే అల్యూమినియం కరిగి తెల్లటి పొడై, ఆ పొడే సిమెంటులా పట్టేస్తుంది. పానా వేసి బలంగా లాగాను. బోల్టు కదల్లేదు, గొట్టం మెలి తిరగబోయింది. ఆ గొట్టం విరిగితే అదొక కొత్త ఖర్చు. ఆ వయసు కారుకి అది దొరుకుతుందో లేదో కూడా తెలీదు.

"దాంతో కొట్లాడబాక. నువ్వు కొట్లాడితే అది ఇరుగుద్ది, అలిసిపోదు."

కాస్త మంట చూపిస్తే వదులవుతుందేమో అన్నాను. అంత కోపంగా ఆయన నన్నెప్పుడూ చూడలేదు, అదీ నల్లద్దాల వెనక నుంచి. లోపల నూనె, మిగిలిన గ్యాస్, అతుకు కారకుండా ఆపే రబ్బరు ఓరింగు. మంట మాటెత్తడమే తప్పు. తుప్పు వదిలించే స్ప్రే డబ్ల్యూడీ-40 కొట్టించి, పానా వెనక చిన్న సుత్తితో టకటకా తట్టించి, నన్ను లోపలికి పంపేశారు. వారమంతా ఆఫీసు నుంచి రాగానే అదే పని. కొట్టడం, తట్టడం, కవరు కప్పడం. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రోజూ వచ్చి బోల్టు యోగక్షేమాలు అడిగి వెళ్లేవాడు.

మధ్యలో శనివారం సామాన్ల కోసం మౌంట్ రోడ్డు పక్కనే ఉన్న జనరల్ ప్యాటర్స్ రోడ్డుకి వెళ్లాం. కార్ల సామాన్లకి చెన్నైలో మొదట వెతికే చోటది. షాపాయన "ఆర్ 12 బండా, 134 బండా?" అని అడిగాడు. మాదానికన్నా పాత కార్లలో ఆర్ 12 అనే గ్యాస్ వాడేవాళ్లు. ఓజోన్‌ని పాడుచేస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత మెల్లగా ఆపేశారు. ఆ బళ్ల కండెన్సర్ల గొట్టం పాములా మెలికలు తిరిగి ఉంటుంది. మాది సన్న గొట్టాలు వరుసగా పేర్చిన రకం. ఫోటోలూ కొలతలూ చూపించినా మొదట తెచ్చిచ్చినదానికి కింది గొట్టం మూతి కుడివైపు ఉంది. అదే పేరు కారు, రెండేళ్ల తర్వాతి మోడల్‌దట. మేం తెలుగులో గొణుక్కోవడం విని, "మాది నాయుడుపేటన్నా, ముందే చెప్పొద్దా" అని లోపలికెళ్లి సరైనది తెచ్చాడు. 3,200. డ్రయర్ బాటిల్ 650. ఆకుపచ్చ ఓరింగులు, చిన్న నూనె డబ్బా కలిపి 300. నాయుడుపేట అభిమానం బేరంలో ఎక్కడా కనపడలేదు.

పుదుపేటకి వెళ్తే పాత కండెన్సర్ వెయ్యికే దొరికేది. ఎగ్మూర్ దగ్గర ఆ సందుల్లో దొరకని పాత కారు సామాను ఉండదు, గ్రిల్, బంపర్ క్లిప్పులు అక్కడే కొన్నాను కూడా. కానీ కండెన్సర్ విషయంలో మావయ్య ససేమిరా అన్నారు. తలుపైనా లైటైనా పాతది కొనుక్కోవచ్చు, చూస్తే తెలుస్తుంది. కండెన్సర్ లోపల ఏముందో పైకి తెలీదు. దాని పాత కారులో కంప్రెసర్ అరిగి చచ్చుంటే ఆ లోహపు పొడి అంతా ఆ సన్నటి గొట్టాల్లోనే ఇరుక్కుని ఉంటుంది. కడిగినా పోదు. తెచ్చి బిగిస్తే మన కంప్రెసర్‌నీ అదే దారి పట్టిస్తుంది.

రెండో ఆదివారం. పానా పక్కన పెట్టించి ఆరు మూలల సాకెట్ ఇచ్చారు. పన్నెండు మూలలదైతే అంచుల్ని మాత్రమే పట్టుకుని బోల్టు తలని గుండ్రం చేసేస్తుంది. "ముందు బిగించు" అన్నారు. అర్థం కాలేదు. "వెంట్రుకంత బిగించు, ఆ పొడి ఇరుగుద్ది. అప్పుడు ఎనక్కి తిప్పు." బిగించాను. చిటుక్కుమంది. విరిగిందే బోల్టని గుండె జారింది. వెనక్కి తిప్పితే కిర్రుమంటూ ముసలి తలుపు తెరుచుకున్నట్టు కదిలింది. అర తిప్పు ముందుకి, పావు వెనక్కి, మళ్లీ స్ప్రే. ఇరవై నిమిషాలు పట్టింది. బయటికొచ్చాక చూస్తే మరల సందుల్లో సున్నం కొట్టినట్టు తెల్లటి పొడి. వాచ్‌మన్‌కి చూపించాను, ఆయనకీ హక్కుంది.

ఆ తర్వాతది పావుగంట పని. చల్లారిన ఇంజిన్ కాబట్టి నీళ్లు తీయకుండానే రేడియేటర్ పైన రెండు బ్రాకెట్లు విప్పి, దాన్ని ఇంజిన్ వైపు రెండు వేళ్ల మందం వంచాను. దాని పై ట్యాంకు ప్లాస్టిక్‌ది, అంతకన్నా వంచితే పగులుతుంది. కండెన్సర్ మరలు నాలుగూ తీసి పైకి లాగితే కింద రబ్బరు బుష్‌లు పట్టుకున్నాయి. అటూ ఇటూ ఊపితే వచ్చింది. గ్లౌజులు తీసేసి పట్టుకోవడం నా తెలివితక్కువ. జాలీ రేకులు బ్లేడుల్లా ఉంటాయి, మూడు వేళ్లు తెగాయి.

అసలు సంగతి అప్పుడు కనపడింది. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య వేలెడు సందు. అందులో ఇరవై ఏళ్ల వీధి మొత్తం ఉంది. కానుగ పూత, వేపాకులు, పురుగుల రెక్కలు, చాక్లెట్ కాగితం, ఇసుక. అంతా కింది మూలకి జారి, వానలకి తడిసి, ముద్దై, ఎండాకాలంలో కూడా ఆరకుండా ఉండిపోయింది. ఆ ముద్ద తాకిన మేరా జాలీ వేలితో ముట్టుకుంటే పిండిలా రాలింది. ముందు వైపు నుంచి టార్చి వేసినప్పుడు నాకు కనపడింది దాని ముఖం మాత్రమే. వీపంతా పుండు.

మావయ్యకి ఇంకో అనుమానం. కింది మూతికి పాత ట్యూబు ముక్క అడ్డం పెట్టి బోల్టు బిగించి, పై మూతికి సైకిల్ పంపు గొట్టం అదిమిపెట్టి, కండెన్సర్‌ని బట్టలు నానబెట్టే టబ్బులో ముంచమన్నారు. కింది మూలలో బుడగలు వస్తాయని తెలుసు, వచ్చాయి. రెండో చోట కూడా వచ్చాయి, మధ్యలో, ఎప్పుడో రాయి తగిలి నొక్కుకుపోయిన గొట్టం దగ్గర, సన్నగా, వరసగా. కింది మూలకి ఏ అతుకో వేయించి సరిపెట్టుకుని ఉంటే, వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ అదే మాట వినేవాణ్ణి.

ముంచక ముందే దాన్ని వంచి లోపలి నూనెని మా పాప జ్వరం మందు మూతలోకి ఒంపి కొలిచాం. 20 మిల్లీలీటర్ల దాకా వచ్చింది. కొత్తదాంట్లో 30 పోశాం, కారిపోయినది కూడా కలుపుకుని. నూనె తక్కువైతే కంప్రెసర్ అరుగుతుంది, ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది. రేడియేటర్ ముఖాన్ని ఇంజిన్ వైపు నుంచి సన్న ధారతో కడిగాను. గట్టి ధార కొడితే రేకులు పడుకుంటాయి. బిగించడంలో పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. కొత్త ఓరింగులకి అదే నూనె రాసి, కొత్త బోల్టులు చేతితో తిప్పి, చివర్న సాకెట్‌తో కాస్త. అంత చిన్న బోల్టు మీద బలం చూపించకూడదు. డ్రయర్ బాటిల్ మూతలు అన్నిటికన్నా ఆఖర్న తీశాం. దాని లోపలి గింజలు తేమని పీల్చడానికే ఉన్నాయి, ముందే తెరిస్తే మన వరండాలోని తేమతోనే కడుపు నింపుకుంటాయి.

బంపర్ పెట్టలేదు. లీకుంటే మళ్లీ విప్పాలి కదా. మూతి లేని కారుతో సోమవారం సెలవు పెట్టి వేళచ్చేరి బయల్దేరాను. ఎస్ఆర్‌పీ టూల్స్ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ పోలీసు నన్నూ, కారునూ, పక్క సీట్లో నల్లకళ్లద్దాల పెద్దాయన్నీ మార్చి మార్చి చూశాడు. ఏమనుకున్నాడో, పొమ్మన్నాడు.

షాపులో 45 నిమిషాలు వాక్యూమ్ లాగారు. ఆపి, మరో ఇరవై నిమిషాలు గేజ్ ముల్లు కదులుతుందేమో చూశారు. ఆ ఇరవై నిమిషాలు నాకున్నంత టెన్షన్ నా ఇంటర్ రిజల్ట్స్‌కి కూడా లేదు. కదల్లేదు. 500 గ్రాములు తూకం వేసి ఎక్కించారు. గ్యాస్ తీయడం, వాక్యూమ్, ఎక్కించడం కలిపి 2,100. బయట 37 డిగ్రీలుంటే, డాష్‌బోర్డు గాలి మూతిలో పెట్టిన థర్మామీటర్ తొమ్మిది చూపించింది. అన్నీ కలిపి 6,400 లోపే అయింది. మూడు ఏప్రిల్‌లలో గ్యాస్‌కి పోసింది 5,400.

"కొంచెం తగ్గించు అబ్బయా, చెవులు జిల్లుమంటున్నాయి" అన్నారు మావయ్య తిరిగొస్తూ. తగ్గించలేదు.

పాత కండెన్సర్‌ని సందు చివర కాయలాన్ కడైలో, అంటే పాత ఇనప సామాన్ల కొట్లో, అమ్మాం. ఇనప బ్రాకెట్లు ఉంటే అల్యూమినియం రేటు ఇవ్వరని, ఊరెళ్లే ముందు రోజు మావయ్య దగ్గర కూర్చుని నాతో రంపంతో కోయించారు. తూకంలో రెండు కిలోలకి కాస్త తక్కువొచ్చింది. ఆ డబ్బుతో ఇద్దరం ఫిల్టర్ కాఫీ తాగాం.

పుదుపేటలో తెచ్చిన క్లిప్పుల్లో ఒకటి మా బంపర్‌కి సరిపోలేదు. ఎడమవైపు కింద స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా టకటకమంటోంది. ఇంకోసారి వెళ్లాలి.